దిగిపోయే పైడమ్మ ప్రయాణాల పుస్తకం

ప్రయాణం 1,131
ఎర్రమెట్ట నుంచి నల్లమిట్టకు. ఎక్కాను. దిగిపోయాను.

ఈ పుస్తకాన్ని గాలి ఓడల కంపెనీవారు వజ్ర సభ్యులకు మాత్రమే ఇస్తారు. అట్ట మీద బంగారు అక్షరాలున్నాయి. మొదటి పేజీలో “మీ మధురమైన ప్రయాణ అనుభవాలను ఇక్కడ రాసుకోండి” అని అచ్చు వేశారు. రాసుకోవడానికి నాకేం బాధ లేదు. కాకపోతే ఇరవై రెండేళ్లలో ఇన్నిసార్లు ఓడెక్కిన నేను ఒక్క ప్రయాణమూ చేయలేదు.

నా పని దిగిపోవడం. గాలి ఓడకు ఎండ పడదు. గాలి వేడెక్కిందంటే మోసే బలం తగ్గుతుంది. కంపెనీవాళ్లేమో ఎండైనా వానైనా ఓడ మోసేదానికన్నా పదిమందికి ఎక్కువే టికెట్లు అమ్ముతారు. అందుకని తాళ్లు విప్పే ముందు లోపలి అమ్మాయి గంట కొట్టి, “బరువు పిలుపు! ఎవరైనా దిగుతారా?” అని అడుగుతుంది. చెయ్యెత్తి దిగినవాళ్లకు రెట్టింపు మైళ్లు, వచ్చే వారానికి మళ్లీ టికెట్టు, కంపెనీ సత్రంలో గది, భోజనం ఇస్తారు. నా బరువు తొంభై ఒక్క కిలోలు. నేనొక్కదాన్ని దిగితే సన్నపాటివాళ్లు ఇద్దరు ఎక్కుతారు. ఊళ్లో దిగేవాళ్లు ఇంకా ఉన్నారు గాని నా అంత గిరాకీ ఎవరికీ లేదు. నా చోట్లో ఎక్కినవాళ్లు నా చేతిలో బెల్లం ముక్క పెట్టి దండం పెట్టుకుని పోతారు. అది ఇక్కడి ఆచారం.

మొదటిసారి నిజంగా వెళ్దామనే ఎక్కాను. నల్లమిట్టలో వంటమనిషి ఉద్యోగం ఉందన్నారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. దిగినవాళ్లకు సత్రంలో కోడి పులుసు అని పక్కనావిడ అంది. దిగిపోయాను. పులుసు బాగుంది. ఆ తర్వాత వారం కూడా బాగుంది.

ఇప్పుడు వజ్ర సభ్యురాలిని కాబట్టి విశ్రాంతి గదిలో రోజూ ఉప్మా, మెత్తటి కుర్చీ. మైళ్లు పెట్టి రెండు గొడుగులు, ఒక ప్రెషర్ కుక్కర్, శాలువా తెచ్చుకున్నాను. ఇంకా నాలుగు లక్షల పైచిలుకు మైళ్లున్నాయి. మా ఇల్లు సత్రానికి రెండు వీధుల అవతలే, అయినా ప్రతి శనివారం సత్రంలోనే పడుకుంటాను. వచ్చిన హక్కును వదులుకోవడం నాకు చేతకాదు.

ఓడను కట్టేసే స్తంభానికి మాస్టరు జగ్గునాయుడు నేను రాస్తుంటే మెడ చాచి చూశాడు. మాకు చుట్టరికం లేకపోయినా పిన్నీ అనే పిలుస్తాడు.

“ఏటి రాస్తన్నావు పిన్నీ?”

“నా ప్రయాణాలు.”

“అయితే ఒక్క పేజీ సాలు,” అన్నాడు. దిక్కుమాలిన వెధవ. కానీ మంచివాడు.

ప్రయాణం 1,132
ఎక్కాను. దిగిపోయాను. బెల్లం రెండు ముక్కలు.

గురువారాలు పొద్దున తొమ్మిదింటికి నాయుడు నన్ను వైర్‌లెస్ గదిలో పది నిమిషాలు కూర్చోనిస్తాడు. అవతల నల్లమిట్ట స్తంభం దగ్గర ఓబులేసు ఉంటాడు. ఆయనదీ నా పనే. ఎర్రమెట్టకు టికెట్టు పెట్టుకుని అక్కడ ఎక్కి అక్కడే దిగిపోతాడు.

మా ఇద్దరికీ మధ్య సముద్రం. మా అమ్మమ్మ చిన్నప్పుడు అదంతా వరిచేలట. ఇప్పుడు నీళ్ల కింద ఊళ్లు ఊళ్లే ఉన్నాయి, వాటి మిద్దెలు తగిలి పడవల అడుగులు చీలిపోతాయి. కాబట్టి పడవ ఎక్కే సాహసం ఎవరూ చేయరు. గాలి ఓడ ఒక్కటే దారి.

మా పరిచయం నల్లబల్ల మీద జరిగింది. ఓడ వచ్చేముందు ప్రతి స్తంభం దగ్గరా వస్తున్నవాళ్ల పేర్లు బల్ల మీద రాస్తారు. ఎక్కినచోటో దారిలోనో దిగిపోయినవాళ్ల పేరును కొట్టేస్తారు. పద్నాలుగేళ్ల కిందట “ఓబులేసు” అనే పేరును వారం వారం రాయడం, వారం వారం కొట్టేయడం చూసి ఎవరబ్బా ఈ పెద్దమనిషి అనుకున్నాను. అక్కడ ఆయన నా పేరు చూసి అదే అనుకున్నాడట. ఒక గురువారం ఆయనే వైర్‌లెస్‌లోకి వచ్చి అడిగాడు: “ఎవురమ్మా ఆ మజ్జి పైడమ్మ? వారం వారం వస్తాదని రాస్తారు, ఒక్కనాడు వచ్చిందే ల్యాదు.”

అప్పటి నుంచి ఒక్క గురువారం తప్పలేదు. నా మొగుడు పోయి ముప్పై ఏళ్లు. ఓబులేసు పెళ్లే చేసుకోలేదు. పీటల దాకా పోయి దిగిపోయినా అంటాడు. నిజమో అబద్ధమో నేను గుచ్చి అడగలేదు.

ఈరోజు మాటలు:

“ఏమ్మే, ఈ వారం గూడ దిగేసినావంట?”

“నువ్వేటి, ఎక్కీసి ఊరేగొచ్చినావా?”

“నేనూ దిగేసినాలే.”

“మరి నన్నంటావేటి? గురివింద గింజ సామెత నీకు ఎవరూ సెప్పనేదా?”

ఆయన నవ్వితే వైర్‌లెస్ పెట్టె గరగరమంటుంది. ఆ గరగర కోసమే నేను ఆదివారం నుంచి ఎదురు చూస్తానని ఇక్కడ రాయడానికి సిగ్గేం లేదు, ఈ పుస్తకం ఎవరు చదువుతారు గనక.

బయటికి వస్తే గోడ మీద వార్తల కాగితం కొత్తది అంటించారు. కంపెనీ మైళ్ల పథకం మారుస్తోందట. జూన్ ఒకటి నుంచి “గాలిలో ప్రయాణించి సంపాదించిన మైళ్లు మాత్రమే చెల్లుతాయి.” అంటే నా నాలుగు లక్షలూ గాలికి పోయినట్టే. నాయుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను మాత్రం గోడ ముందు నిలబడి ఆ కంపెనీని, దాని పుట్టుపూర్వోత్తరాల్ని కాసేపు తిట్టాను. ఒళ్లు తేలికపడింది. వెళ్లి ఉప్మా తిన్నాను.

ప్రయాణం 1,133
ఎక్కాను. దిగిపోయాను.

పోతే పోయాయి మైళ్లు. కుక్కర్ ఉంది, గొడుగులున్నాయి. దొడ్లో ఆనప పాదు విరగకాసింది. నేను సుఖంగానే ఉన్నాను.

ఇవాళ రెండో వార్త. కొత్త రకం ఓడలు వస్తున్నాయి. వాటిలో నింపేది వేరే వాయువట, ఎండకు లొంగదు. ఎవర్నీ దిగమని అడగరు. చాలా ఎత్తులో ఒక మహానగరం నుంచి ఇంకో మహానగరానికి తిన్నగా పోతాయి. మన బోటి కొండల మీది స్తంభాలతో వాటికి పని లేదు. మే ముప్పై ఒకటిన ఆఖరి ఓడ. ఆ తర్వాత ఎర్రమెట్ట, కొండవీడు, నల్లమిట్ట, ఈ వరసంతా మూసేస్తారు.

“నువ్వేటి సేస్తావురా మరి?” అని నాయుణ్ని అడిగాను.

“మా మావ దగ్గర చేపల చెరువులున్నాయి. ఎల్లిపోతాను,” అన్నాడు. మళ్లీ తనే, “పిన్నీ, స్తంభంతో పాటు వైర్‌లెస్ కూడా పట్టుకుపోతారు,” అన్నాడు.

ఆ మాట వినగానే మెత్తటి కుర్చీలో కూలబడ్డాను. మైళ్లకు తిట్టాను గాని దీనికి తిట్టు కూడా రాలేదు.

ప్రయాణం 1,134
ఎక్కాను. దిగిపోయాను. (ఎందుకు దిగానో కింద రాస్తాను.)

గురువారం ఓబులేసుకు చెప్పేశాను. “నానొచ్చెత్తాను. ఈ శనివారం కాదు, పై శనివారం.”

“నిజంగానా?” అన్నాడు.

“నిజంగానే.”

“నువ్వు యాడ వస్తావులే పైడమ్మా. పద్నాలుగేండ్ల నుంచి వస్తాండావు.”

“ఈసారి దిగను. ఒట్టు.”

“సరే. స్తంభం కింద నిలబడుకోని ఉంటా. పచ్చ తువ్వాల ఏసుకుంటా.”

మూడు ఓడలే మిగిలాయని తెలిసి కూడా ఈ శనివారం నేను ఎందుకు దిగానంటే, భయం. ఎత్తుకు భయపడే రకం కాదు నేను. ఆయనకే భయపడ్డాను. గొంతుతో ఇష్టం పెంచుకున్నవాడు మనిషిని చూసి ఏమంటాడో? నా మోకాళ్లు, నా పళ్లు, నా తొంభై ఒక్క కిలోలు. వైర్‌లెస్‌లో నేను చాలా చలాకీగా ఉంటాను. ఎదురుగా నిలబడితే చూసేది గొంతును కాదు గదా. అందుకని ఇంకొక్క వారం చూద్దాం అనుకున్నాను. సత్రంలో ఇవాళ వంకాయ కూర. సగం వదిలేశాను, అదే మొదటిసారి.

ప్రయాణం 1,135
ఎక్కాను. దిగిపోయాను. నాకు బుద్ధి లేదు.

మాటిచ్చిన శనివారం ఇదే. కొత్త చీర కట్టాను. ఆయనకు ఆనపకాయ ఒకటి, చుట్టలు రెండు కట్టలు సంచిలో పెట్టుకున్నాను. కిటికీ పక్క సీటు. గంట మోగింది. “ఎవరైనా దిగుతారా?” అన్న మాట పూర్తి కాకముందే అందరూ నా వైపే చూశారు. ఇరవై రెండేళ్ల అలవాటు వాళ్లకు కూడా ఉంది. ముందు వరసలో పెళ్లివారు, పెళ్లికొడుకు తమ్ముడికి సీటు లేక కింద నిలబడి ఉన్నాడు. నా చెయ్యి లేచింది. బెల్లం ఇచ్చారు. విసిరికొడదామనుకుని, తినేశాను.

ప్రయాణం 1,136
ఆఖరి ఓడ.

గురువారం నాడు ఓబులేసు తిట్టలేదు. తిడితే బాగుండేది. “పోన్లే మ్మే. పచ్చ తువ్వాల ఏసుకోని సాయంత్రం దాకా నిలబడితి. ఎండ యెక్కువుండె,” అన్నాడు. “ఈ వారం తప్పకుండా,” అన్నాను. “ఊ,” అన్నాడు. పది నిమిషాలూ కాకముందే పెట్టేశాడు. వైర్‌లెస్‌కు అదే ఆఖరి గురువారం. ఇంక ఆ ఊ పట్టుకునే నేను బతకాలా అని ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇవాళ పొద్దున నాయుడే నన్ను తీసుకొచ్చి సీట్లో కూర్చోబెట్టాడు. “పిన్నీ, సేతులు రెండూ తొడల కింద పెట్టీసుకో. తియ్యకు. నా మీద ఒట్టు,” అన్నాడు.

పెట్టుకున్నాను. గంట మోగింది. “బరువు పిలుపు! ఎవరైనా దిగుతారా?”

నలభై మంది తలలు నా వైపు తిరిగాయి. నేను కిటికీలోంచి స్తంభం మీది కాకిని చూస్తూ కూర్చున్నాను. రెండోసారి అడిగింది. ఎవరో దగ్గారు. ఒకావిడ “ఏమ్మా, ఒంట్లో బావులేదా?” అని అడిగింది కూడా. మూడోసారి అమ్మాయి నా సీటు దగ్గరికే వచ్చి అడిగింది. నా చేతులు తొడల కింద చేపల్లా కొట్టుకుంటున్నాయి.

అప్పుడు నాయుడు లోపలికొచ్చాడు. సరుకు గదిలోంచి రెండు పెద్ద మూటలు ఈడ్చుకుని కిందికి దించేశాడు. కొత్త మైళ్ల పథకం కరపత్రాలట, తొంభై కిలోలు. “నల్లమిట్టలో ఇయ్యి సదివేదెవరు!” అన్నాడు. కిందికి దిగి, తాళ్లు విప్పించి, మళ్లీ పైకి చూడకుండా కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నాకే కొడుకుంటే వాడికైనా అంత ప్రేమ ఉండేదో లేదో.

ఓడ లేచింది. అమ్మా, ఏం చెప్పను! కడుపులో తిరుగుతుందని బెదిరించారు గాని ఏం తిరగలేదు. ఊయలలో పడుకోబెట్టినట్టుంది. మా ఆనప పాదు పైనుంచి కనబడింది. కాసేపటికి కింద నీళ్లు, ఆ నీళ్ల అడుగున సన్నగా రోడ్లు, మిద్దెలు, ఒకచోట పెద్ద మేడ మీది నీళ్ల ట్యాంకు మాత్రం పైకి తేలి దాని మీద కొంగలు. ఇంత చూడకుండా ఇరవై రెండేళ్లు ఉప్మా తిన్నానా అనిపించింది.

మధ్యాహ్నానికి కొండవీడు. కొండ ఒక్కటే నీళ్లలోంచి పైకి లేచి దీవిలా ఉంది. దాని మీద స్తంభం, పక్కనే కంపెనీ సత్రం. అరగంట ఆగుతుందన్నారు. ఎండ మండిపోతోంది. నేను సంచీలోంచి పులిహోర తీసి తింటూ, ఇంకో ఐదు గంటలు, పచ్చ తువ్వాలు, అని లెక్క పెట్టుకుంటున్నాను. కడుపు నిండింది, మనసు నిండింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

గంట మోగింది. “ఎవరైనా దిగుతారా?”

నా చెయ్యి నన్ను అడగలేదు. నేను చూసేసరికి గాలిలో ఉంది. అమ్మాయి “చాలా సంతోషమండీ” అనేసి నా సంచీ పట్టుకుంది. ఎవరో చేతిలో బెల్లం పెట్టారు. “ఆగండాగండి, నేనూరికే” అంటూనే మెట్లు దిగాను, కాళ్లకు కూడా అలవాటే గదా. తాళ్లు విప్పారు. నల్లమిట్టకు పోయే ఆఖరి ఓడ నన్ను వదిలేసి వెళ్లిపోయింది.

అక్కడే రాతి మీద కూలబడి బోరున ఏడ్చాను. వచ్చే వారం ఓడ లేదు. వైర్‌లెస్ లేదు. అక్కడ ఆ మనిషి పచ్చ తువ్వాలు వేసుకుని మళ్లీ ఎండలో నిలబడతాడు. వాళ్ల బల్ల మీద నా పేరు రాసి, కొట్టేస్తారు. అది చూసి ఆయన ఊ అనుకుంటాడు. నా చెయ్యిని రాయికేసి కొట్టుకున్నాను. నొప్పి పుట్టింది గాని బుద్ధి రాలేదు.

కాసేపటికి సత్రం ఆయన వచ్చాడు. మస్తాన్ వలి అని, డెబ్బై ఏళ్లుంటాయి. “లేమ్మా, ఎండదెబ్బ తగులుద్ది. లోపలికి రా. ఇందాక అటునుంచొచ్చిన ఓడలోంచి కూడా ఒకాయన దిగిపోయి ఇట్టాగే ఏడుస్తున్నాడు. ఏందో ఈరోజు,” అన్నాడు.

సత్రం అరుగు ఎక్కుతుండగానే లోపలి నుంచి తిట్లు వినిపించాయి. ఎవరో తనను తానే తిట్టుకుంటున్నాడు.

“సిగ్గు ల్యాదు నీకు. అరవై రెండేండ్లొచ్చె. ఒక్కరోజు, ఒక్కరోజు సెయ్యి దించుకోని కూసోల్యాకపోతివి గదరా!”

ఆ గొంతు వైర్‌లెస్‌లో వినీ వినీ నాకు గరగరతోనే తెలుసు. గరగర లేకుండా వినడం అదే మొదటిసారి. గుమ్మంలోంచి తొంగి చూశాను. పొట్టిగా, బట్టతలతో, ముందు పన్ను ఒకటి లేకుండా, పచ్చ తువ్వాలుతో ముక్కు చీదుకుంటున్నాడు.

“ఏటయ్యా ఓబులేసూ,” అన్నాను.

ఆయన తలెత్తి చూసి లేచి నిలబడ్డాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను.

“వచ్చినావా మ్మే!” అన్నాడు, ఆ ఒక్క మాటే. మళ్లీ మళ్లీ అదే.

“నల్లమిట్టలో ఉంటానన్నావు గదా, ఇక్కడేటి సేస్తన్నావు?”

“నువ్వు దిగేస్తావని నాకు తెల్దా? దిగేస్తాదిలే, నేనే పోదాం అనుకోని ఎక్కితి.”

“మరి నువ్వెందుకు దిగినావు?”

ఆయన తన కుడిచెయ్యి వైపు చూపించి తల దించుకున్నాడు. నేను నా చెయ్యి చూపించాను. ఎవరు ముందు నవ్వారో గుర్తు లేదు. మస్తాన్ వలి గారు మా ఇద్దరికీ పిచ్చేమో అనుకుని నీళ్లు తెచ్చి పెట్టాడు.

అదే రోజు, భోజనాలయ్యాక

“ఇంతకీ మీరిద్దరూ ఎప్పుడు పోతారు?” అని మస్తాన్ వలి గారు అడిగాడు. ఓడల్లేవని ఆయనకూ తెలుసు. ఆయన కంపెనీ నిబంధనల అట్ట గోడ మీంచి దించి, కళ్లద్దాలు పెట్టుకుని వేలితో చదివాడు. దిగినవారికి తరువాతి ఓడ వచ్చే వరకు గది, భోజనం కంపెనీ ఖర్చుతో ఇవ్వవలెను. దిగినవారు సత్రంలో ఉండగా సత్రం మూయరాదు.

“అంటే నా ఉద్యోగం కూడా పోదన్నమాట,” అన్నాడు. చదివిందే మళ్లీ చదివి, ఆ అట్టను జాగ్రత్తగా మేకుకు తగిలించాడు. మూడు గోనెల బియ్యం, కోళ్లు, మేకలు, కొండ మీద నీటి ఊట ఉన్నాయట. నెలకోసారి చేపల పడవవాళ్లు, మిద్దెల మధ్య దారి తెలిసినవాళ్లు, పప్పూ ఉప్పూ తెస్తారట. వాళ్ల చేత నాయుడికి ఒక ఉత్తరం పంపాలి. మూటలు దించినందుకు వాడికి ఏ శిక్షా పడకుండా ఉంటే అంతే చాలు.

పదకొండో రోజు

పొద్దున ఓబులేసు కోళ్లగూడు బాగుచేస్తున్నాడు. నేను తెచ్చిన ముదురు ఆనపకాయలోని గింజలు నాటాను. వంట నాదే ఇప్పుడు. మస్తాన్ వలి గారు పాపం నీళ్ల చారు తప్ప ఏమీ కాయలేడు. ఓబులేసు నాకంటే ఎక్కువ మాట్లాడతాడు, వైర్‌లెస్‌లో పది నిమిషాలే గనక తెలియలేదు. నిన్న ఒకసారి విసుక్కున్నాను కూడా. ఆయన అలిగి మేకల దగ్గరికి పోయాడు. పిలిస్తే వచ్చాడు.

ఎత్తున, చాలా ఎత్తున, కొత్త ఓడ ఒకటి వెండిలా మెరుస్తూ పోయింది. చప్పుడు కూడా లేదు. ముగ్గురం చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాం.

“ఒగవేళ దాన్ని ఈడ నిలబెట్టి మనల్ని ఎక్కమంటే?” అన్నాడు ఓబులేసు.

“ఎక్కుదాం.”

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. “ఎక్కి?”

“ఎక్కీసి ఏటి సేస్తాం,” అన్నాను. “దిగిపోదాం.”